స్టేషన్ మాస్టరు గారితో లండన్‌లో ఐదు రోజులు

మా పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై మూడేళ్ళు మావారు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేశారు. సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి, ఆ లైను మీదే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఏటా పాసులు వచ్చేవి. వాటి మీద మేము వెళ్ళింది పెళ్ళిళ్ళకీ, చావులకీ. ఊరికే చూడడానికి, ఇద్దరమే, ఎక్కడికీ పోలేదు. ఆయనకు సెలవు మంజూరైతే బదులు డ్యూటీ చేసే రిలీవర్ దొరికేవాడు కాదు. రిలీవర్ దొరికే రోజుకి నా బడిలో పరీక్షలు వచ్చి పడేవి. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని.

సత్తెనపల్లిలో మా క్వార్టర్సు స్టేషను వెనకాలే. ఆ రోజుల్లో మైకు పట్టుకుని బండి వివరం ఆయనే చెప్పేవారు. రాత్రి డ్యూటీ రోజుల్లో పిల్లల్ని పడుకోబెట్టి, కిటికీ ఓరగా తీసి పెట్టుకునేదాన్ని. "సికింద్రాబాదు నుంచి తిరుపతి వెళ్ళు నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్" అని ఆయన గొంతు వినబడితే, అంతా బాగానే ఉందని కళ్ళు మూసుకునేదాన్ని. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

రిటైరయ్యాక "ఎక్కడికి పోదాం?" అని అడిగితే ఆయన "రైలు పుట్టిన దేశం చూడాలని ఉంది" అన్నారు. నాకూ అక్కడే పని ఉంది. అమరావతి స్తూపం గురించి ఇరవై ఏడేళ్ళు పిల్లలకు చెప్పాను. ఆ రాళ్ళలో మంచివి చాలా లండన్‌లో ఉన్నాయని చెబుతూనే, వాటిని నేనెన్నడూ కళ్ళారా చూడలేదు. అలా ఇద్దరి కోరికా ఒక ఊరి దగ్గర కలిసింది.

మొదటి రోజు

జూన్ రెండో వారం. హైదరాబాదు నుంచి పది గంటల పైన విమానం. హీత్రూలో దిగి, పెట్టెలు తీసుకుని బయటపడేసరికి మధ్యాహ్నం దాటింది.

ఊళ్ళోకి పోవడానికి ఎలిజబెత్ లైన్ ఎక్కాలి. 2022లో మొదలైన కొత్త లైను అది. మా అబ్బాయి ఇచ్చిన కార్డు ఒకటుంది, దాంతో ఇద్దరం పోవచ్చనుకున్నాం. ఆయన ఆనించారు, గేటు తెరుచుకుంది, లోపలికి వెళ్ళారు. తర్వాత నేను అదే కార్డు ఆనిస్తే గేటు కదల్లేదు. ఆయన అటు, నేను ఇటు, మధ్యలో గాజు రెక్కలు. ఉన్నది ఒక్క నిమిషమే అయినా గుండె దడదడలాడింది. అక్కడున్న రైల్వే ఉద్యోగి, నా వయసావిడే, వచ్చి నన్ను మిషను దగ్గరకు తీసుకెళ్ళి ఆయిస్టర్ కార్డు ఇప్పించింది. కొత్తగా వెళ్ళేవాళ్ళకు చెబుతున్నాను: మనిషికొక కార్డు ఉండాలి. రైలు దిగి బయటికొచ్చేటప్పుడు కూడా ఆనించాలి, మరిచిపోతే ఎక్కువ డబ్బు కోసుకుంటారు. బస్సుకైతే ఎక్కేటప్పుడు ఆనిస్తే చాలు. రోజులో ఎన్నిసార్లు తిరిగినా ఒక హద్దు దాటి కోయరు. పౌను మన నూరు రూపాయల పైమాటే కాబట్టి ఈ హద్దు మాకు పెద్ద ఊరట.

మా బస ప్యాడింగ్టన్ దగ్గర. భూమి లోపలి నుంచి పైకి వచ్చి పెద్ద స్టేషన్లోకి అడుగుపెట్టగానే ఆయన పెట్టె వదిలేసి తలెత్తి నిలబడ్డారు. ఇనుప కమాన్ల మీద గాజు కప్పు, పడవ బోర్లించినట్టు వరసలు వరసలుగా. బ్రునెల్ అనే ఇంజనీరు కట్టించిన స్టేషను. 1854లో తెరిచారు. ఆయన విగ్రహం కూడా అక్కడే కూర్చుని ఉంది. "ఈయన మొదట వేసిన పట్టాల మధ్య ఎడం ఏడడుగుల పైన, తెలుసా? మన బ్రాడ్‌గేజి అయిదున్నర. 1892లో వీళ్ళు ఆ వెడల్పు పట్టాలన్నీ తీసేశారు" అని మావారు చెబుతుంటే ఆయన గొంతులో పిల్లవాడు కనిపించాడు. పావుగంట అలాగే నిలబడ్డాం. విమానం బడలిక ఏమైపోయిందో!

హోటల్లో మాత్రం ఇబ్బంది పడ్డాం. లిఫ్టు ఉందని చూసే గది తీసుకున్నాం. ఉంది, పనిచెయ్యడం లేదు. మా గది మూడో అంతస్తు. ఒక మనిషి పట్టేంత మెట్లు, మెలికలు తిరుగుతూ. ఆయనకు మోకాలి నొప్పి. చెరో పెట్టె ఒక్కో మెట్టే ఎక్కిస్తూ, మధ్యలో ఆగుతూ చేరుకున్నాం. మర్నాడు పొద్దున నేనే కిందికెళ్ళి, వచ్చిన ఇంగ్లీషులో గట్టిగా చెబితే కింది అంతస్తులో గది మార్చారు. అడగందే ఎవరూ చెయ్యరు, అడిగితే చేశారు.

ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, వీధిలో కొన్న పెరుగు. తినేసి కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దు గూకదే! ఎనిమిదైంది, ఎండ. తొమ్మిదైంది, ఎదురింటి పొగగొట్టాల మీద ఇంకా పసుపు వెలుగు. సంజె దీపం వేళకు చేతులు జోడించడం నా అలవాటు. తొమ్మిదిన్నరకు గాని చీకటి పడలేదు. అప్పుడు చేతులు జోడించి పడుకున్నాను.

రెండో రోజు

పొద్దున వెస్ట్‌మినిస్టర్. మెట్లెక్కి బయటికి రాగానే గడియార స్తంభం నెత్తి మీదే ఉంటుంది, ఒక్కసారిగా. దాని ఎత్తు 96 మీటర్లు. బిగ్ బెన్ అంటే గడియారమనుకుంటాం గాని, అది లోపలి పెద్ద గంట పేరు. 13 టన్నుల పైన బరువు. 1859లో మోగడం మొదలుపెట్టిన కొద్ది నెలలకే బీటలు వారింది. గంటను కాస్త తిప్పి, తేలికపాటి సుత్తి పెట్టి మళ్ళీ మోగించారు. ఇప్పటికీ ఆ పగుళ్ళతోనే మోగుతోంది. పదకొండు కొట్టేటప్పుడు వంతెన మీద నిలబడి విన్నాం. ప్రతి దెబ్బ తర్వాతా ఒక చిన్న వణుకు గాలిలో మిగిలిపోతుంది.

ఆ గడియారం వేగం సరిచెయ్యడానికి లోలకం మీద పాతకాలపు పెన్నీ నాణేలు పెడతారట. ఒక నాణెం వేస్తే రోజుకు సెకనులో అయిదింట రెండు వంతులు ముందుకు పోతుంది. ఈ మాట చెప్పి ఆయన చాలాసేపు పైకే చూశారు. స్టేషన్లో రోజూ సాయంత్రం నాలుగింటికి కంట్రోల్ నుంచి టైమ్ సిగ్నల్ వస్తుంది, గడియారం దానికి సరిచేసి రిజిస్టర్లో రాయాలి. ముప్పై మూడేళ్ళు ఆ పని చేసిన మనిషికి ఒక నాణెంతో కాలాన్ని సర్దేవాళ్ళ మీద గౌరవం కలగదూ!

పార్లమెంటు ఎదుటి చౌకులో గాంధీగారున్నారు. 2015లో పెట్టిన కంచు విగ్రహం. 1931లో ఇక్కడికి వచ్చినప్పుడు ప్రధానమంత్రి కార్యాలయం బయట తీసిన ఫొటోను బట్టి చేశారట, శాలువా దగ్గరికి లాక్కుని నిలబడి ఉంటారు. అదే చౌకులో చర్చిల్ కూడా ఉన్నాడు. జూన్ నెలలో కూడా గాలి చల్లగా కొడుతుంటే, ఆ శాలువా చూసి నేను నా శాలువా సర్దుకున్నాను.

మధ్యాహ్నం థేమ్స్ ఒడ్డున ఎంబాంక్‌మెంట్ మీదుగా నడిచాం. నది పక్కన ఈ రాతి గట్టు మొదట్లో లేదు. 1858 ఎండాకాలంలో నది మురికి కంపుకి పార్లమెంటులో కూర్చోలేకపోతే, బాజల్‌జెట్ అనే ఇంజనీరు గట్టు కట్టి, దాని లోపల నుంచి ఊరి మురుగునీటి సొరంగాలు, రైలు సొరంగం కూడా తీసుకుపోయాడు. మనం నడిచే బాట కింద అవన్నీ ఉన్నాయి.

ఆ గట్టు మీదే ఈజిప్టు నుంచి తెచ్చిన రాతి స్తంభం ఉంది, క్లియోపాత్రా సూది అంటారు. ఇనుప గొట్టంలాంటి ఓడలో పెట్టి సముద్రం మీద లాక్కొస్తుంటే తుఫాను వచ్చి ఆరుగురు నావికులు చనిపోయారు. 1878లో నిలబెట్టారు. ఆ ఆరుగురి పేర్లు కింద చెక్కి ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ పైకి చదివాను. దూరం నుంచి రాయి తేవడమంటే ఏమిటో అక్కడ మొదటిసారి తట్టింది. మర్నాడు చూడబోయే రాళ్ళు కూడా సముద్రం మీదే వచ్చాయి కదా.

ఎంబాంక్‌మెంట్ స్టేషను దగ్గరకొచ్చేసరికి ఆయన మోకాలు ఇక నడవనంది. "లోపల ఒకటి చూడాలి, వినాలి" అన్నారు. "ఇంకో రోజు వద్దాం" అని బస్సెక్కించాను.

మూడో రోజు

బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశం ఉచితం. ముందురోజే వేళ ఎంచుకుని టికెట్టు తీసుకుంటే వరసలో తక్కువసేపు నిలబడొచ్చు. లోపల గాజు కప్పు వేసిన పెద్ద ముంగిలి, మధ్యలో గుండ్రటి పాత పఠనాలయం. అందరూ రొసెట్టా రాయి వైపు పోతున్నారు. మేము ఇంకేదీ చూడకుండా 33వ నంబరు గది అడుగుతూ వెళ్ళాం. దక్షిణాసియా, చైనా బొమ్మలున్న పొడవాటి గది అది. నటరాజులు, బుద్ధులు, చైనా పింగాణీ. ఆ చివర గాజు తలుపుల వెనక 33ఎ. లోపల అమరావతి.

అక్కడికి చేరాక కాసేపు ఏదీ సరిగ్గా కనిపించలేదు. కళ్ళు నిండిపోయాయి. గోడ పొడుగునా పలకలు, స్తంభాలు, పద్మాల చక్రాలు, ప్రాకారపు రాళ్ళు. నేను పుస్తకంలో అరచేతి వెడల్పు నలుపు తెలుపు బొమ్మల్లో చూపించినవి మనిషి కంటే ఎత్తుగా నిలబడి ఉన్నాయి.

ఒక పలక దగ్గరే ముప్పావుగంట గడిపాం. స్తూపం మీద స్తూపాన్నే చెక్కిన పలక. మధ్యలో నిండు గుమ్మటం, దాని ముందు అరుగు మీద వరసగా నిలిపిన అయిదు స్తంభాలు (ఆయక స్తంభాలంటారు), ద్వారం దగ్గర సింహాలు, పైన గాలిలో ఎగిరి వచ్చే దేవతలు. అసలు స్తూపం ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలిసేది ఇలాంటి పలకల వల్లే. అమరావతి వెళితే ఉన్నది పచ్చిక దిబ్బ, దాని చుట్టూ కొన్ని రాళ్ళు. పోయిన కట్టడం తన బొమ్మను తన ఒంటి మీదే రాసి పెట్టుకుంది.

మరో పలకలో బుద్ధుడు లేడు, ఖాళీ ఆసనం ఉంది, దాని ముందు పాదాల గుర్తులు. ఆ పాదాల దగ్గర ఆడవాళ్ళు వంగి మొక్కుతున్నారు. ఒకామె వీపు మనవైపు ఉంది. నడుం వంపు, జడ ముడి, కాళ్ళకు బరువైన కడియాలు. ఆ కడియాలు మూడు మెలికలు. మా అమ్మమ్మ కాళ్ళకు అలాంటి వెండి కడియాలే ఉండేవి, నేల మీద కూర్చుని లేచేటప్పుడు ఒకదానికొకటి తగిలి టక్కుమనేవి. రెండువేల ఏళ్ళనాటి శిల్పి ఎవరో మా అమ్మమ్మ లాంటి మనిషినే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెక్కి ఉంటాడని నాకు గట్టిగా అనిపించింది.

మావారు శిల్పం చూడడం లేదు, రాయి చూస్తున్నారు. "ఇది మనవైపు రాయే. తెలుపులో సన్నటి ఆకుపచ్చ జీర చూడు. పల్నాటి సున్నపురాయి" అన్నారు. పిడుగురాళ్ళలో చేసిన అయిదేళ్ళూ సున్నం బట్టీల పొగ, తెల్లటి దుమ్ము పట్టిన చెట్లు, ఇల్లు తుడిచిన గంటకే మళ్ళీ తెల్లబడే గుమ్మం. ఆ రాతినే ఇక్కడ చల్లటి గదిలో, గాజు తలుపుల మధ్య పెట్టి చూపిస్తున్నారు. ఆయన చెయ్యి ముందుకు చాపి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి, వెనక్కి కట్టుకున్నారు.

ఈ రాళ్ళ కథ చెప్పుకోవాలి. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం నుంచి పెరుగుతూ వచ్చి, శాతవాహనుల కాలంలో ఈ శిల్పమంతా తొడుక్కుంది ఆ స్తూపం. తర్వాత ఎన్నో వందల ఏళ్ళు మట్టిదిబ్బై ఉండిపోయింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతి ఊరు కట్టిస్తుంటే దిబ్బలో నుంచి రాళ్ళు తవ్వి తీశారు. అదే రోజుల్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. మెకంజీ దగ్గర పనిచేసింది మన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్యలు. 1845లో వాల్టర్ ఎలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి రాళ్ళను మద్రాసు పంపించాడు. అక్కడ ఎండలో వానలో పడి ఉన్నవాటిలో సుమారు 120 ముక్కలను 1859లో ఓడెక్కించారు. లండన్ చేరాక కూడా వాటిని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1867లో ఫెర్గూసన్ అనే పండితుడు ఒక గుర్రబ్బళ్ళ కొట్టంలో వీటిని మళ్ళీ కనిపెట్టాడు. 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. నిన్న విన్న బిగ్ బెన్ మోగడం మొదలైందీ, ఈ రాళ్ళు ఓడెక్కిందీ ఒకే సంవత్సరం.

ఈ రాళ్ళు తిరిగి రావాలా అని పిల్లలు నన్నడిగేవారు. రావాలనే నా మనసు, అప్పుడూ ఇప్పుడూ. మనవాళ్ళు కొన్నింటిని సున్నానికి కాల్చుకున్న మాట నిజం. దొరలు మద్రాసులో వాననీటికి వదిలేసిన మాటా నిజం. ఇక్కడ భద్రంగా, శుభ్రంగా ఉన్నాయన్నదీ కళ్ళారా చూశాను. అయినా కృష్ణ ఒడ్డున ఉండే పిల్ల వీటిని చూడాలంటే పాస్‌పోర్టు, వీసా, లక్షల రూపాయలు కావాలి. నేను చెప్పిన ఇరవై ఏడు బ్యాచీల్లో ఒక్కరైనా ఇక్కడికి వచ్చారో లేదో.

మేమున్నంతసేపూ ఆ గదిలోకి పదిమంది వచ్చి ఉంటారు. ఒక తెల్ల ముసలాయన పలక పక్కన రాసింది చదువుతూ "అమరావటీ" అన్నాడు. "అమరావతి" అని సరిచేశాను. ఆయన రెండోసారి సరిగ్గా పలికి, ఎక్కడుంది అనడిగాడు. "మా ఇంటికి గంట ప్రయాణం" అన్నాను. ఆయన చేతిలో గొడుగు చంకలో పెట్టుకుని నాకు చెయ్యి కలిపాడు.

బయటికొచ్చి యూస్టన్ దగ్గర డ్రమండ్ వీధికి నడిచాం. పాత భారతీయ శాకాహార భోజనశాలలున్న వీధి. దోసె తిన్నాం. చట్నీలో కారం తక్కువే గాని, ఆ వేళకు అది అమృతం.

నాలుగో రోజు

ఈ రోజు పూర్తిగా ఆయనది. వెస్ట్‌మినిస్టర్ రేవులో పడవెక్కి గ్రీనిచ్. టవర్ బ్రిడ్జి కింద నుంచి పోతాం. రైలు కంటే ఖర్చెక్కువైనా నది మీద పోవడమే మేలు, మోకాళ్ళకు విశ్రాంతి.

పార్కులో కొండెక్కితే పైన అబ్జర్వేటరీ. గేటు పక్క గోడకు ఒక గడియారం ఉంది, 1852 నాటిది. దాని ముఖం మీద పన్నెండు కాకుండా ఇరవై నాలుగు గంటలూ ఉంటాయి, పన్నెండు అడుగున వస్తుంది. మావారు చేతి గడియారం చూసుకుని, గోడ గడియారం చూసి కంగారుపడ్డారు. సరిగ్గా గంట తేడా. అబ్జర్వేటరీలో గడియారం తప్పడమేమిటి? అక్కడే నిలబడి ఆలోచించి, మొహం విప్పారింది. ఎండాకాలంలో ఈ దేశమంతా గడియారం ఒక గంట ముందుకు జరుపుకుంటుంది. ఈ ఒక్క గడియారం మాత్రం జరగదు, ఏడాది పొడుగునా గ్రీనిచ్ కాలమే చూపిస్తుంది. "దేనికీ లొంగదోయ్ ఇది" అన్నారు ఎంతో ఇష్టంగా.

లోపల ముంగిట్లో నేల మీద లోహపు గీత. 1884లో ఇరవై అయిదు దేశాలు కూడితే, వాటిలో చాలావరకు సున్నా రేఖాంశం ఇదేనని ఒప్పుకున్నాయి. అందరూ అటో కాలు ఇటో కాలు వేసి ఫొటోలు తీసుకుంటున్నారు, మేమూ తీసుకున్నాం. మన దేశపు కాలానికి గీత 82న్నర డిగ్రీలు. అది మన కాకినాడ దగ్గరగా పోతుంది. మా ఆడపడుచుది కాకినాడ. ఆ గీత మీద నుంచి ఆమెకు ఫోను చేసి "మేము సున్నా మీద ఉన్నాం, మీరు ఎనభై రెండున్నర మీద" అన్నారాయన. ఈ రెండు గీతల మధ్య ఎడమే అయిదున్నర గంటలు.

పైన గుమ్మటం మీద ఎర్రటి బంతి. 1833 నుంచి నది మీద ఓడలవాళ్ళు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవారు. పన్నెండు యాభై అయిదుకి సగం ఎక్కింది. యాభై ఎనిమిదికి కొసకెక్కింది. జనమంతా తలలెత్తారు. సరిగ్గా ఒంటిగంటకు జారిపడింది. చప్పుడేమీ లేదు. మావారు తన చేతి గడియారం కీ లాగి, నాలుగు సెకన్లు సరిచేసుకున్నారు. జేబులో చిన్న పుస్తకం తీసి, టైము రాసి, సంతకం పెట్టారు. స్టేషను రిజిస్టర్లో పెట్టినట్టే. నేను పక్కకు తిరిగి చెట్ల వైపు చూశాను. ఆయన నన్ను చూస్తే ఇద్దరికీ ఏడుపొచ్చేది.

అయిదో రోజు

పొద్దున మా హోటలు నుంచి నడిచి కిల్డేర్ గార్డెన్స్ అనే చిన్న వీధికి వెళ్ళాం. తెల్ల సున్నపు ముఖాల ఇళ్ళు, మధ్యలో చిన్న తోట. తెలుగు చదివినవాళ్ళెవరైనా ఈ ఊరొస్తే చూడాల్సిన వీధి ఇది. సి.పి. బ్రౌన్ చివరి రోజులు ఇక్కడ గడిపి 1884లో కన్నుమూశాడు. తెలుగు నేర్చి, కడపలో ఉద్యోగం చేసి, వేమన పద్యాలు ఏరి, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి తాళపత్రాలు ఎత్తి రాయించి, 1852లో నిఘంటువు అచ్చువేసిన మనిషి. ఈ ఊరికి తిరిగొచ్చాక కూడా యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసరుగా చేశాడు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు మాట మీద సందేహం వస్తే నేను తీసే మొదటి పుస్తకం బ్రౌనుదే. తోట కమ్మీల దగ్గర నిలబడి, ఎవరూ లేరు గనక, "ఉప్పు కప్పురంబు" పైకే చదివాను.

అక్కడి నుంచి బేకర్ స్ట్రీట్. 1863 జనవరి 10న ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు ప్యాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ వరకు నడిచింది. ఆ లైను మీద మొదటినాటి ప్లాట్‌ఫారాలు ఇక్కడ అయిదు, ఆరు నంబర్లవి. ఇటుక కమాను, గోడల్లో ఏటవాలుగా పైకి పోయే గూళ్ళు. భూమిలోపల ఆవిరి ఇంజన్లు నడిపారు మరి, పొగ పోవాలి, వెలుగు రావాలి. బొంబాయి–ఠాణా మన మొదటి ప్రయాణికుల రైలు నడిచిన పదేళ్ళకే భూమి కింద ఇది నడిచింది. ఆయన ఇటుకలు తడిమి చూశారు. ఇక్కడ ముట్టుకోవద్దనేవాళ్ళు లేరు.

సాయంత్రం ఎంబాంక్‌మెంట్.

ఆయన నాకు చెప్పని సంగతి కాదు. 2013లో పేపర్లో చదివి, కత్తిరించి, డైరీలో పెట్టుకున్నారు. ఈ స్టేషన్లో నార్తర్న్ లైన్ ఉత్తరం వైపు ప్లాట్‌ఫారం వంపు తిరిగి ఉంటుంది. అందుకే పెట్టెకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు ఎక్కువ. "మైండ్ ద గ్యాప్", సందు చూసుకోండి అని మైకులో చెబుతారు. ఆ మాట చాలా ఏళ్ళ కిందట ఆస్వాల్డ్ లారెన్స్ అనే నటుడు రికార్డు చేసింది. ఆయన 2007లో చనిపోయాడు. ఆయన భార్య ఈ ప్లాట్‌ఫారం మీదకు వచ్చి కూర్చుని ఆ గొంతు వినేది. ఒకరోజు వస్తే గొంతు మారిపోయింది, కొత్త యంత్రం పెట్టారు. ఆమె రైల్వేవాళ్ళను అడిగింది, ఆ రికార్డు ఉంటే నాకొక ప్రతి ఇస్తారా అని. వాళ్ళు పాత టేపు వెతికి, ఆమెకు ఇచ్చి, ఈ ఒక్క ప్లాట్‌ఫారం మీద ఆ గొంతును మళ్ళీ పెట్టారు.

గోడవార బల్ల మీద కూర్చున్నాం. ఆఫీసులు వదిలిన వేళ, జనం కిటకిట. బండి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. అప్పుడు వినబడింది. కాస్త పాతకాలపు గొంతు, తొందర లేదు, ప్రతి మాటా విడివిడిగా. "మైండ్ ద గ్యాప్." మూడుసార్లు. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు, ఎవరూ ఆగలేదు. ఆ బండి వదిలేశాం. రెండోది వచ్చింది, వదిలేశాం. మూడోదీ వదిలేశాం.

ఆమె ఏం వినడానికి వచ్చేదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సత్తెనపల్లి క్వార్టర్సు కిటికీ దగ్గర నేను విన్నదదే.

"ఏవండీ, ఒకసారి చెప్పండి" అన్నాను.

"ఏమిటి?"

"నారాయణాద్రి."

ఆయన నా వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు. ఇటూ అటూ పోయే జనం మధ్య, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా, "దయచేసి వినండి. సికింద్రాబాదు నుంచి తిరుపతి వెళ్ళు నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ మరికొద్దిసేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చుచున్నది" అన్నారు.

నాలుగో బండి వచ్చింది. ఆయన లేచి చెయ్యి అందించారు. సందు చూసుకుని ఎక్కాం.